రాత్రంతా నిలిపిన నీళ్లు

సిద్దిపేట
24 జనవరి 2026, శనివారం

మైత్రీ,

ఒక ప్రశ్న పదకొండేళ్లుగా నాతోనే తిరుగుతోంది. ఆ రోజు సాయంత్రం అన్నం వడ్డిస్తూ, మీ అన్నతో "మైత్రి చెప్పిందే నిజం గదా" అని నేను అనకుండా ఉంటే, మీరిద్దరూ ఇవాళ మాట్లాడుకుంటూ ఉండేవాళ్లా?

నీకు ఆ సాయంత్రం సంగతి తెలియదు. నీకు తెలిసింది పొద్దున సంగతి. కోహెడ నుంచి వచ్చిన జీపు మూడు రోజులుగా మన మెకానిక్ షెడ్డులో ఉంది. మీ అన్నకు లోపం దొరకలేదు. నువ్వు దవాఖానలో డ్యూటీ దిగి నర్సు బట్టల్లోనే వచ్చావు. ఇంజిన్ మీద చెవి పెట్టి, రేడియేటర్ గొట్టం చేత్తో పట్టి చూసి, "థర్మోస్టాట్ పట్టేసింది" అన్నావు. అక్కడితో ఆగినా బాగుండేది. "బాపు పానా నీ చేతిల బరువైతున్నదా అన్నా? నాకియ్యి, నేను పట్టుకుంట" అన్నావు. జీపు వాళ్లు నవ్వారు. మామయ్య, మీ బాపు, పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

చెల్లెలు నలుగురిలో ఎక్కిరిస్తే మనిషి నాలుగు రోజులు ముభావంగా ఉండి సర్దుకుంటాడు. ఇంటికొస్తే భార్య కూడా అదే మాట అంది. ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి నీతో మాట లేదు. నీ ఎక్కిరింపు వల్లనే అని నువ్వు అనుకుంటావు. కాదేమో అని నాకు అనుమానం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మనది రెండు గదుల ఇల్లు. నీ పేరు వినబడితే మీ అన్న చెప్పులేసుకుని బయటికి పోతాడు. అందుకే కాలేజీ స్టాఫ్‌రూములో కూర్చుని, పరీక్షల్లో మిగిలిన తెల్లకాగితాల మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అట్లాగే చెయ్యి. నీ చేతిరాత చూసి చాలా కాలమైంది.

ఇక నీ మెసేజ్ సంగతి. కారు హీటర్ కాలిపోయిందని, బయట మైనస్ ముప్పై నాలుగని, కాళ్లూ చేతులూ ఆడడం లేదని పెట్టావు. రెండు స్వెటర్లు వేసుకో. మోకాళ్ల మీద శాలువా కప్పుకో. దారిలో అరగంట హీటర్ లేకపోతే ఏమవుతుంది? పదకొండు డిగ్రీలకే ఇక్కడ మా ప్రిన్సిపాల్ మంకీ క్యాప్‌తో సంతకాలు పెడుతున్నాడు, ఎవరూ ఉద్యోగం మానలేదు.

వదిన,
విజయరాణి


25 జనవరి, ఆదివారం

వదినా,

నీ శాలువా ముచ్చట చదివి మస్తు నవ్విన. నవ్వితె కండ్లల్ల నీళ్లొచ్చినయ్, గవి రెప్పల మీదనే గడ్డకట్టినయ్. బయట నిలబడి చదివిన నాదే తప్పు. నాకు నీలెక్క పుస్తకం తెలుగు రాదు, మాట్లాడినట్టే రాస్త.

నేను కూసుండె కాడి హీటర్ గాదు వదినా. ఇంజిన్‌కు పెట్టె హీటర్. మనకాడ ఇంజిన్‌ను సల్లగ ఉంచుడే బతుకు గదా. ఈడ దాన్ని ఎచ్చగ ఉంచాలె. చలికి ఇంజినాయిల్ ముదిరిన బెల్లం పాకం తీర్గ అయితది, తాళం తిప్పితె ఇంజిన్ ఒక్క మూలుగు మూలిగి ఊకుంటది. అందుకే ప్రతి కారు మూతి నుంచి ఒక వైరు ఏలాడుతుంటది. రాత్రి దాన్ని కరెంటు గుంజకు పెట్టాలె. నేనొచ్చిన మొదటి యేడు ఆ వరుస చూసి నిలబడిపోయిన. కొట్టంల పసులను కట్టేసినట్టు, ఊరు ఊరంత కార్లను గుంజలకు కట్టేసి పండుకుంటది.

చలి ఎట్లుంటదని అడిగినవ్ గదా పోయినసారి. చెప్పరాదు. బయటికి రాంగనె ముక్కుల ఎంట్రుకలు పుల్లలైతయ్. మంచు మీద అడుగేస్తె అప్పడం ఇరిగిన చప్పుడు. గది తప్ప ఇంకో చప్పుడుండది. కుక్క మొరగది, గాలి ఆడది. మొన్న పొద్దున మూడు పొద్దులు పొడిచినయ్ వదినా. నడుమ అసలు సూర్యుడు, అటొకటి ఇటొకటి, మూడింటినీ కలుపుకుంట ఒక గుండ్రటి గీత. గాలిల మంచు పలుకులుంటె అట్ల కనపడ్తదంట. నువ్వు ఫిజిక్సు మేడమ్‌వి, నీకు ఎరికే ఉంటది. నాకు ఎరిక లేదు గనుక రెండు చేతులెత్తి మొక్కిన. ఏ దేవునికో తెల్వది.

ఇంకో ముచ్చట. బాపు షెడ్డుల ఇంజిన్ ఇనుప బ్లాకులకు పక్కపొంటి గుండ్రటి రేకు బిళ్లలుండేటియి, యాదికున్నదా? తుప్పు పట్టి కారితె కొత్తయి కొట్టెటోళ్లు. గా బిళ్ల ఊడదీసి, గదే చిల్లుల ఈడ హీటర్ కూసోబెడ్తరు. మనం జిందగీ పొడుగూత రేకుతోని మూసుకుంట వచ్చిన చిల్లు, ఈడ ఒక పొయ్యి పెట్టుకునే జాగ.

ఇగ అసలు సంగతి. ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ఎనభై మూడేండ్ల ముసలామె ఒక్కతె ఉంటది. రోజు పొద్దున పోయి సూదిమందు ఇచ్చి, కాలు పుండుకు కట్టు కట్టాలె. వచ్చె నెల అయిదు, గురువారం దాంక వేరేటామెను పంపుతమన్నది మా ఆఫీసు. గురువారం పొద్దున ఎనిమిదింటికి నా బండి నడవకపోతె నన్ను తీసేస్తరు. ఈ నౌకరి మీదనే ఈ దేశంల ఉండెటందుకు నా కాగితాలన్ని నిలబడి ఉన్నయ్. మెకానిక్కును అడిగితె మూడు వారాల దాంక తీరదన్నడు. హీటర్ తెప్పిచ్చుకున్న, నేనే బిగిస్త. బండిని ట్రాక్టరుతోని గుంజిపిచ్చి ఆ ముసలామె కొట్టంలనె పెట్టిన. ఆడ కరెంటు లేదు గని కట్టెల పొయ్యి ఉన్నది.

పానా ముట్టక పదకొండేండ్లాయె. బిగించుడు చేతనైతది. బిగించినంక కారుతలేదని ఎట్ల నమ్మాలె? తొవ్వ నడుమల కారితె ఇంజిన్ కాలిపోతది, ఆ చలిల నేను గూడ మిగల. బాపు ఏదో చేసెటోడు, నాకు సగమే యాది. వీడియోలు వందున్నయ్, ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్తుండు. నాకు మనింటి మాట గావాలె.

అన్నను అడుగు. వద్దు, అడగకు.

అడుగు వదినా.

మైత్రి


సిద్దిపేట
29 జనవరి, గురువారం

మైత్రీ,

అడిగాను. మీ అన్న చెప్పాడు.

జాతరకు పోయే బండ్లతో షెడ్డు నిండిపోయి ఉంది. రాత్రి తొమ్మిదికి వచ్చి సర్ఫ్ పొడితో చేతులు రుద్దుకుంటున్నాడు. అప్పుడు అడిగాను. తల ఎత్తలేదు, కానీ చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"రబ్బరు రింగుకు గ్రీజు రాయమను. చిల్లు అంచు గరుకు కాగితంతోని నున్నగ తీసి కూసోబెట్టుమను. బిగించినంక కూలెంట్ పొయ్యద్దు. ముందుగాల ఉత్త నీళ్లు నిండ పొయ్యాలె. కింద పేపరు పరచి రాత్రంత ఉంచాలె. పొద్దున పేపరు పొడిగ ఉంటెనే నీళ్లు ఇడిసి కూలెంట్ పొయ్యాలె. నీళ్లు అబద్ధం చెప్పయ్."

అంతే. ఇంకేమన్నా అన్నాడా అని అడుగుతావు. అనలేదు. కానీ విసుక్కోలేదు కూడా.

నీ చిల్లు సంగతి నన్ను నిలవనియ్యలేదు. మీ అన్న సామాన్లకు బజారుకు పోయినప్పుడు షెడ్డుకు వెళ్లాను. మూలకు పడేసిన పాత బ్లాకు ఒకటి ఉంది. బిళ్ల ఊడిన చోట వేలు పెట్టి చూశాను. లోపల చల్లగా, గుహలా ఉంది. మామయ్య కాలం నుంచీ అక్కడ పనిచేస్తున్న ఖుతుబుద్దీన్‌ను, ఈ చిల్లులెందుకని అడిగాను. "ఇంజిన్ పోతపోసెటప్పుడు లోపట ఇసుకుంటదమ్మా. గది బయటికి తీసెటందుకు చిల్లు. తర్వాత మూసేస్తరు" అన్నాడు. మీ మైత్రి ఉన్నచోట ఆ చిల్లులో హీటర్ పెడతారని చెప్పాను. చేతిలో పానా కింద పెట్టేశాడు. "ఇంజిన్‌కు పొయ్యా! అల్లా నీ దునియాల ఎన్ని ఉన్నయి!" అన్నాడు.

పుట్టుకలో మిగిలిపోయిన ఒక చిల్లు, భూమికి అటువైపు ఒక మనిషిని బతికిస్తోంది. ఆ బ్లాకు ముందు చాలాసేపు కూర్చున్నాను. చీరకు అంటిన ఆయిలు మరక ఇంకా పోలేదు.

వదిన


1 ఫిబ్రవరి, ఆదివారం

వదినా,

అయింది! నా చేతుల తోటి అయింది.

పొద్దుగాల పోయి కొట్టంల పొయ్యి ముట్టిచ్చిన. ముసలామె కట్టెలు చూపెట్టి, పెనిమిటి పాత కోటు ఇచ్చింది. ఆ కోటు చేతులు నా మోకాళ్ల దాంక ఉన్నయ్. పాత కూలెంట్ ఇడిసి, పాత హీటర్ బోల్టు తిప్పితె కదల్లే. నూనె పోసి, పొయ్యి కాడ చేతులు కాచుకొని, మళ్ల తిప్పిన. ఉత్త చేత్తోని పానా పట్టుకుంటె తోలు ఊడి వస్తది ఈడ, చేతితొడుగులు ఏసుకుంటె వేలుకు బోల్టు తెల్వది. దవాఖాన తొడుగులు రెండు జతలు ఒకదాని మీదొకటి ఏసుకున్న. గంటన్నరకు కదిలింది. అది ఊడొచ్చినప్పుడు చిల్లు చూసిన. బొగ్గుబాయి నోరు లెక్క నల్లగ. అన్న చెప్పినట్టె అంచు నున్నగ తీసిన, గ్రీజు రాసిన, కొత్తది కూసోబెట్టిన. అది 'టక్'మని కూసున్నది చూడు, గా చప్పుడుకు నేను పదకొండేండ్ల పిల్లనైన. బాపు ఎనక నిలబడ్డట్టె ఉండె.

ముసలామె ఇంట్లకెల్లి బకీట్ల నీళ్లు మోసి నిండ పోసిన. కింద పేపరు పరిచిన. ఉత్త నీళ్లు పోసెటప్పుడు మనసుల ఏదో గుంజింది. ఏందో తెల్వలే. అన్న చెప్పిండు గదా అనుకొని పోసిన. 'నీళ్లు అబద్ధం చెప్పయ్' అన్నది బాపు మాట వదినా! షెడ్డుల బాపు తర్వాత అన్న తప్ప ఎవరనరు. నీ ఉత్తరంల గది చదివినంక ఏడ్చిన. తల ఎత్తలేదన్నవ్. ఎత్తకపోనీ. మాట వచ్చింది, చాలు.

కూలెంట్ దుకాణం ఇయ్యాల బందు. పొద్దున తెచ్చి పోస్త. నా బదులు ఆఫీసు పంపుతున్నామె కారుల ఇంటికొచ్చి ఇది రాస్తున్న. నడుము పట్టేసింది, తొందరగ పండుకుంట. అన్నకు చెప్పు, పేపరు ఇప్పటిదాంకనైతె పొడిగనే ఉన్నదని.

మైత్రి


సిద్దిపేట
2 ఫిబ్రవరి, సోమవారం, పగలు 11:20

మైత్రీ,

నీళ్లు తీసెయ్యి. ఇది చూసిన క్షణం కొట్టానికి పో, నీళ్లు మొత్తం వదిలెయ్యి.

ఇప్పుడే క్లాసులో బోర్డు మీద నీటి వ్యాకోచం గ్రాఫు గీస్తున్నాను. నాలుగు డిగ్రీల కింద నీళ్లు చల్లబడే కొద్దీ ఉబ్బుతాయి, గడ్డకడితే ఇనుమునైనా చీలుస్తాయి అని ఇరవై ఏళ్లుగా చెబుతున్న వాక్యమే చెబుతున్నాను. మధ్యలో నీ ఇంజిన్‌లో నీళ్లు గుర్తొచ్చాయి. చాక్‌పీసు అక్కడే వదిలేసి వచ్చాను.

ఏడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు నిద్రలో ఉన్నావు. అక్కడ అర్ధరాత్రి. పొయ్యి ఆరిపోయి ఉంటుంది.

వదిన


2 ఫిబ్రవరి, సోమవారం

వదినా,

నీ ఉత్తరం చూసెసరికి పొద్దున ఆరు. ఆఫీసామెను బతిలాడి ఏడింటికి కొట్టానికి పోయిన.

చెప్త ఇను. పేపరు పొడిగనే ఉన్నది. పేపరు మీద రేకు బిళ్ల పడి ఉన్నది. నేను బిగించిన హీటర్ గాదు, దాని పక్క చిల్లు బిళ్ల. గా చిల్లుల నుంచి ఒక తెల్లటి మంచు కడ్డి బయటికొచ్చి నిలబడ్డది. బొటనవేలంత లావు, జానెడు పొడుగు. అద్దం లెక్క నున్నగ, లోపట చిన్న చిన్న గాలి బుడ్డలు. ఇనుములకెల్లి నీళ్లు ఏలు బయటపెట్టి నన్ను చూపెడ్తున్నట్టున్నది. భయమయితె ఎనకనే అయింది. ముందుగాల నోరు తెరిచి నిలబడ్డ. రాత్రి నేనే బకీట్ల మోసిన నీళ్లు గవి. కడుపుల పోసుకుంటె సల్లగ దిగె నీళ్లు. సుత్తెతోని కొట్టి కూసోబెట్టిన బిళ్లను రాత్రికి రాత్రి నూకేసినయ్. ఫొటో పెట్టిన, చూడు.

తర్వాత కూలబడి ఏడ్చిన. బ్లాకు పగిలిందంటె బండి పోయినట్టె, నౌకరి పోయినట్టె. పొద్దంత పొయ్యి మండబెట్టి కరగబెట్టిన. రేడియేటర్ మూతి పొయ్యి దిక్కుండె, దానికేం గాలే. బ్లాకుకు పగులు కండ్లకైతె కనపడ్తలేదు. చేతుల తోటి తడిమి తడిమి చూసిన. ఉంటదో లేదో ఇంక నమ్మకం లేదు. ఇంక రెండు రోజులే ఉన్నయ్.

కోపమొచ్చింది వదినా, అబద్ధమాడ. పదకొండేండ్లకు ఒక మాట చెప్పి, గా మాటతోని నా ఇంజిన్ పగలగొట్టిండా అనిపిచ్చింది. సాయంత్రమయేసరికి కోపం పోయింది. అన్నకు చలి ఏం ఎరిక? సిద్దిపేట షెడ్డుల గది సరైన పద్ధతే. ఆయన తప్పు గాదు. అయినా చెప్పకు, మనసు నొప్పి చేసుకుంటడు. మళ్ల నోరు మూసుకుంటడు.

మైత్రి


సిద్దిపేట
3 ఫిబ్రవరి, మంగళవారం

మైత్రీ,

ముందు పని మాట. హీటర్ ఉన్న వైపు కాదు, పొగగొట్టం వెనక ఇంకో బిళ్ల ఉంటుందట. ఒకటి ఊసి బయటపడిందంటే అది కూడా కదిలి ఉంటుంది. నేరుగా కనబడదు, చిన్న అద్దం పట్టి చూడాలి. గోరు మందం కదిలినా తీసేసి కొత్తది కొట్టు. లేకపోతే దారిలో ఊసిపోతుంది. బిళ్ల లోపలికి పోకుండా బయటికి వచ్చింది కాబట్టి బ్లాకు బతికి ఉండే అవకాశమే ఎక్కువ. ఇది మీ అన్న చెప్పాడు. నిజంగా చెప్పాడు.

'నిజంగా' అని ఎందుకు రాయాల్సి వచ్చిందో ఇప్పుడు చెబుతాను. నీళ్ల మాట మీ అన్నది కాదు. నాది. ఆ రోజు ఆయనను అడగలేదు. అడగబోయాను, నీ పేరు నోట్లోంచి సగం రాగానే తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లోకి పోయాడు. నువ్వేమో 'అడుగు వదినా' అని రాశావు. నేను ఇరవై ఏళ్లుగా పొద్దున్నే టిఫిన్ డబ్బా ఇవ్వడానికి షెడ్డుకు పోతున్నాను. ఇంజిన్ల కింద పేపర్లు చూస్తూనే ఉన్నాను. 'నీళ్లు అబద్ధం చెప్పయ్' అని ఆయన కొత్త పనివాళ్ల మీద అరవడం వింటూనే ఉన్నాను. చూసింది, విన్నది కలిపి ఆయన మాటగా రాశాను. చేతులు రుద్దుకోవడం నిజం. తల ఎత్తకపోవడం నిజం. మాట్లాడడం ఒక్కటే నిజం కాదు.

ఇవాళ పొద్దున చాయ్ ఇచ్చి, నీ ఉత్తరాలన్నీ ఆయన ముందు పెట్టాను.

"ఏంది గివి?"

"మైత్రి రాసినవి."

లేస్తాడనుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. లేవలేదు. మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"నేను చెప్పిన్నా?"

"మీరు చెప్పలే. నేనే రాసిన."

"నా పేరు మీద?"

"మీ పేరు మీద."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన ఫోనందుకుని నీ మంచు కడ్డీ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. బుడగలు కనబడేదాకా చేశాడు.

"గివి ఉత్త నీళ్లేనా?" అన్నాడు.

"ఉత్త నీళ్లే."

"సుత్తె లేకుండ?"

"సుత్తె లేకుండానే."

వేల బిళ్లలు కొట్టిన మనిషి, మైత్రీ. ఆ ఫొటో ముందు, ఒళ్లో చేతులు పెట్టుకుని, గుళ్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు ఆ గ్రాఫు గీసిన నేను కూడా ఆయన పక్కనే అట్లాగే కూర్చున్నాను. నేను బోర్డు మీద గీసింది ఒక గీత. నీళ్లు చేసింది చూడడం అదే మొదటిసారి. ఫోను నా చేతికిచ్చి అడిగాడు: "బిళ్ల లోపటికి పోయిందా, బయటికొచ్చిందా?" ఆ తర్వాత పైన రాసినదంతా చెప్పాడు. చివరికి, "నా మాటని చెప్పకు" అన్నాడు. ఒకసారి ఆయన చెప్పనిది చెప్పాడని రాశాను. ఇప్పుడు చెప్పినదాన్ని చెప్పలేదని రాయలేను.

నన్ను ఏమన్నా అను. అద్దం మాత్రం మరిచిపోకు.

వదిన


5 ఫిబ్రవరి, గురువారం

వదినా,

ఏడుంబావుకు స్టార్టయింది. ఎనిమిదికి పది నిమిషాలుండంగ ముసలామె తలుపు కొట్టిన.

నువ్వు రాసినట్టె అద్దం పెట్టి చూసిన. మొఖం చూసుకునే చిన్నద్దాన్ని పుల్లకు కట్టి గొట్టం ఎనక పెట్టిన. రెండో బిళ్ల గోరు మందం బయటికొచ్చి వంకరగ ఉన్నది. చూడకుండ పోయి ఉంటె నడుమ తొవ్వల ఊసిపోతుండె. రెండు చిల్లులకు కొత్త బిళ్లలు తెచ్చి, సరిపడె సాకెట్ ఆనిచ్చి సుత్తెతోని కొట్టిన. మొదటి దెబ్బ వంకర పోయింది. రెండోది గూడ. మూడో దెబ్బకు చెయ్యికి యాదికొచ్చింది. ఎట్ల యాదికొచ్చిందో నాకు తెల్వది వదినా, నేను ఏం జేయలే, చెయ్యే జేసింది. చలికి గడ్డకట్టని కూలెంట్ పోసి, నిన్న పొద్దంత కారుతదా అని చూసిన. పొయ్యి ఎచ్చకు స్టార్టు చేసి, రాత్రి ఇంటికి తెచ్చి గుంజకు కట్టేసిన. పొద్దున మైనస్ ముప్పై ఆరు. తాళం తిప్పంగనె అందుకున్నది. సుట్టుపట్ల ఏ చప్పుడు లేని ఆ తెల్లటి జాగల ఇంజిన్ చప్పుడు ఒక్కటే. నేను కూసున్న కాడ్నే కదలకుండ కూసున్న. మొక్కుదామంటె ఎవరికి మొక్కాలె?

ఇగ నీ ముచ్చట. నువ్వు మస్తు మంచిదానివి వదినా, గని అబద్ధం చెప్పరాదు నీకు. అన్న తప్పును నీ మీదేసుకున్నవ్. 'మనసు నొప్పి చేసుకుంటడు' అని నేను రాసినందుకే గదా ఈ కథంత అల్లినవ్? 'నీళ్లు అబద్ధం చెప్పయ్' అన్నది అన్న నోట్లది. నువ్వు ఎన్ని తీర్ల చెప్పినా నమ్మ. అద్దం పెట్టి చూసుడు మాత్రం ఖుతుబుద్దీన్ పద్ధతి, నాకు చిన్నప్పటి సంది ఎరికే. ఆయన్ని అడిగి రాసి అన్న పేరు పెట్టినవ్. పోనియ్యి, ఎవరి మాటయితేంది, నన్ను బతికిచ్చింది.

ఇంకో కాగితం పెట్టిన. అన్నకు. నా నంబరు ఆయన ఫోన్‌ల బందు చేసి ఉన్నది గనుక నీకు పంపుతున్న. ప్రింటు తీసి చేతిల పెట్టు. నువ్వు చదువుతవని తెలుసు, చదువు.

మైత్రి


సిద్దిపేట
9 ఫిబ్రవరి, సోమవారం

మైత్రీ,

నీ కాగితం ముస్తాబాద్ చౌరస్తా దగ్గర జిరాక్సు షాపులో ప్రింటు తీయించాను. నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను. నాలుగు రోజులుగా సంచిలోనే ఉంది. "అన్నా, నీళ్ల సంగతి నేను మరిచిపోయిన. జీపు కాడ నేనన్న మాట నువ్వు మరిచిపో. చెల్లె." ఇంతే రాశావు. కాలేజీ బస్సులో ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

నువ్వు తిప్పి అర్థం చేసుకున్నావు. నీళ్ల మాట నాది, అద్దం మాట ఆయనది. ఇంకోసారి రాస్తున్నాను, ఇంకోసారి కూడా నువ్వు నమ్మవని తెలిసే రాస్తున్నాను. ఖుతుబుద్దీన్‌తో చెప్పించనా అనుకున్నాను. అతన్నీ నేనే సిద్ధం చేశానంటావు. ఒకసారి పరాయి గొంతుతో మాట్లాడినదానికి సొంత గొంతు మీద నమ్మకం అడిగే హక్కు ఎక్కడ మిగులుతుంది?

మీ అన్న సంగతి చెబుతాను. గురువారం రాత్రి గేటు తీస్తూనే "స్టార్టయిందా?" అన్నాడు. అయిందన్నాను. "రెండోది?" అన్నాడు. గోరు మందం అన్నాను. "ఆఁ" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నీళ్లు మీద పోసుకుంటూ పోసుకుంటూ ఆగి, చెంబులోకి చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఫోన్‌లో వాతావరణం చూపే చోట ఇప్పుడు సిద్దిపేట కింద మీ ఊరి పేరు ఉంది. పొద్దున లేవగానే రెండు అంకెలూ చూస్తాడు. శనివారం షెడ్డులో రాయపోల్ నుంచి వచ్చిన ఒకాయన ఈసారి చలి ఎక్కువుందని అంటున్నాడు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. మీ అన్న బండి కింద నుంచే, "మా చెల్లెకాడ మైనస్ ముప్పయ్యారు. ఇంజిన్‌కు తానే హీటర్ బిగిచ్చింది, తెల్సా?" అన్నాడు.

మా చెల్లె అన్నాడు. పదకొండేళ్లలో ఆ మాట ఆయన నోట వినలేదు. కింద నుంచి పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. ఆ పాదాలకేసి చూస్తూ నిలబడ్డాను. నీ మూడు సూర్యుళ్లను చూసినప్పుడు నీకు ఏమనిపించిందో కొంచెం తెలిసింది.

అయినా నీ నంబరు తెరవలేదు. "ఒకసారి మాట్లాడండి" అంటే, "ఏం మాట్లాడాలె? నడుస్తున్నది గదా బండి" అన్నాడు.

ఇప్పుడు ఈ కాగితం. ఇస్తే, తను చేయని తప్పుకు చెల్లెలు క్షమించానంటోందని చదువుతాడు. నువ్వు ఆ క్షమ ఇచ్చి, దానికి బదులు నీ మాట మరిచిపొమ్మంటున్నావు. ఆయన ఎట్లాంటి మనిషో నీకు తెలుసు. 'నేను చెయ్యని దానికి నాకెందుకు మాఫీ?' అని చింపి పారేస్తే, ఇప్పుడు తెరుచుకున్న ఈ కాస్త కూడా మూసుకుపోతుంది. లేదా ఏమీ అనకుండా తీసుకుని, నా తప్పు జీవితాంతం తన మీద ఉంచుకుంటాడు. ఆయన అట్లా కూడా చేయగలడు. అదీ నేను చూడలేను. ఇవ్వకపోతే, పదకొండేళ్ల తర్వాత చెల్లెలు అన్నకు రాసిన మొదటి మాటను నేను దాచుకున్నట్టు. మొదటి వాక్యం కత్తిరించి, రెండో వాక్యం ఒక్కటే ఇద్దామని కూడా అనిపించింది. నిన్న కత్తెర చేతిలోకి తీసుకున్నాను. కింద పెట్టేశాను. మీ ఇద్దరి మాటల్లో నా చేయి ఇప్పటికే చాలా పెట్టాను.

నేను ఆ అబద్ధం రాయకపోతే ఆయన ఆ ఫొటో చూసేవాడు కాదు, 'మా చెల్లె' అనేవాడు కాదు. రాసినందుకు నువ్వు రోడ్డు మీద గడ్డకట్టి చచ్చిపోయేదానివి. రెండూ ఒకే కాగితం మీద నేనే రాశాను. ఇందులో ఏది పెద్దదో తూచడం నాకు చేతకావడం లేదు.

సంచి ఇప్పుడు నా కుర్చీకి తగిలించి ఉంది. సాయంత్రం నాలుగింటికి బస్సు. ఇంటికి పోగానే ఇవ్వాలో, నువ్వు నన్ను నమ్మి ఇంకోటి రాసేదాకా ఆగాలో, అసలు ఎప్పటికీ ఇవ్వకూడదో, మైత్రీ, నాకు తెలియడం లేదు.

వదిన,
విజయరాణి